రెండో సీసా

గది తాళం తీయకముందే వాసన తగిలింది. సీసాలాయన తాళంచెవి పట్టుకుని గుమ్మం ముందు కాసేపు నిలబడ్డాడు. లోపల ఎలుక చచ్చి ఉంటే బాగుండునని కోరుకున్నాడు. ఒక ప్రాణి చావు కోరుకోవడం ఆయనకు అదే మొదలు.

తలుపు తీస్తే ఎలుకా లేదు, పిల్లీ లేదు. ఫ్రిజ్ గుర్రుమంటూ తన పని తాను చేసుకుపోతోంది. దాని పక్కన బల్ల మీద, శుక్రవారం సాయంత్రం ఆయన ఎక్కడ పెట్టాడో అక్కడే, గోధుమరంగు కాగితం చుట్టిన సీసాలు బస్సు తప్పిన ప్రయాణికుల్లా వరసగా కూర్చుని ఉన్నాయి.

ఫ్రిజ్ తెరిచి చూశాడు. మిగిలిపోయిన కూల్‌డ్రింకులు, సగం కేకు. అవి మాత్రం చల్లగా, సుఖంగా ఉన్నాయి.

శుక్రవారం ఆఫీసు ఊడ్చే ఆవిడ రిటైరయింది. ఆఫీసర్లు వెళ్ళిపోతే దండలూ ప్రసంగాలూ ఉంటాయి. ఊడ్చే ఆవిడ వెళ్ళిపోతే చీపురు చేతులు మారుతుంది, అంతే. ఇన్నేళ్ళు అందరికంటే ముందు వచ్చిన మనిషి అందరికంటే వెనక, ఎవరికీ చెప్పకుండా పోవడం సీసాలాయనకు నచ్చలేదు. తలా ఇంత అడిగి కేకు తెప్పించాడు, ఒక మడతకుర్చీ కొనిపించాడు. ఎండలు మండిపోతున్నాయి కదా, ఆవిడ చేతికి చల్లటి గ్లాసు అందితే బాగుంటుందని ఫ్రిజ్‌లోంచి నమూనా సీసాలు తీసి బల్ల మీద పెట్టి, ఆ చోట కూల్‌డ్రింకులు సర్దాడు. ఎంతసేపు, గంటేగా అనుకున్నాడు. కేకు కోసేటప్పుడు ఆవిడ ఏడ్చింది. కుర్చీ మోయలేక తడబడుతుంటే తానే భుజాన వేసుకుని, గదికి తాళం వేయమని అటెండరుకు కేకేసి, బస్సు దాకా నడిచాడు. బస్సు కదిలే దాకా ఉండి అటునుంచి అటే ఇంటికి పోయాడు. తర్వాత రెండు రోజులు సెలవు. గదికి పైకప్పు రేకులు.

దుకాణాల్లో ఆఫీసర్లు తీసిన సరుకు నమూనాలను దాచడం ఆయన ఉద్యోగం. సరుకు ఏదైనా ఒకే రకం రెండు సీసాల్లో తీస్తారు. ఒకటి వెంటనే ఊళ్ళో ల్యాబుకు పోతుంది. రెండోది ఆయన గదిలో ఉంటుంది. ల్యాబు కల్తీ అని తేలిస్తే, కేసు పడిన మనిషి నా రెండో సీసా పై ల్యాబుకు పంపండి అని అడగొచ్చు. పై ల్యాబు ఏమంటే అదే చివరి మాట. కొత్తగా చేరినవాళ్ళకు ఆయన ఈ సంగతి తన పద్ధతిలో చెప్పేవాడు: "మొదటి సీసా ప్రభుత్వానిది, రెండోది ముద్దాయిది. వాళ్ళ వస్తువు మన దగ్గర దాచుకున్నారంతే. పొరుగింటివాళ్ళు ఊరెళుతూ తాళాలిచ్చినట్టు."

బల్ల మీదున్న వాటిలో చాలావరకు తీర్పులైపోయినవే, పారబోయడానికి ఉంచినవి. ఇంకా నడుస్తున్న కేసు ఒక్కటే. వెన్న కొట్టు వెన్నమ్మది, వెన్నలో కల్తీ అని.

ఆ సీసాను రెండు చేతులతో ఎత్తాడు. లక్క ముద్ర చెక్కుచెదరలేదు. దారం బిగువు సడలలేదు. కాగితం అతుకు మీద అడ్డంగా వెన్నమ్మ పెట్టిన సంతకం ఉంది. అడుగునుంచి నూనె మరక పైకి పాకి, సంతకంలో చివరి అక్షరం దాకా వచ్చి ఆగింది. మెల్లగా వంచి చూశాడు. గడ్డకట్టి ఉండవలసింది లోపల బొళుక్కుమంది.

కూల్‌డ్రింకులు తీసేసి ఆ సీసాను మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టాడు. పోయినవాడికి మందు పట్టడం లాంటిదని తెలుసు. అయినా పెట్టాడు. పెట్టి, తలుపు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు నొక్కి చూశాడు.

*

ఆ కేసు పెట్టిన ఆఫీసరు పదిన్నరకు వచ్చింది. వయసులో ఆయన కూతురంత ఉంటుంది. పనిలో కత్తి, మాటలో కాస్త మెత్తన. గదిలోకి అడుగు పెడుతూనే ముక్కు చిట్లించింది.

"బాబాయ్, ఏంటీ కంపు? సరే గానీ, వెన్నమ్మ లాయరు రెండో సీసా కావాలని అడిగాడు. గురువారం మీరు కోర్టుకు పట్టుకురావాలి. జడ్జిగారు ముద్ర చూసి పై ల్యాబుకు పంపిస్తారట."

ఆయన సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మరక ఆమె కూడా చూసింది. జరిగింది చెప్పాడు. కేకు సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు చాలా చిన్నదైపోయింది.

"అయ్యో బాబాయ్!" అంది. ఆ అయ్యోలో నిజంగానే జాలి ఉంది. తర్వాత ఆమెలోని ఆఫీసరు మాట్లాడింది. "ముద్ర బాగానే ఉందిగా?"

"ఉందమ్మా."

"అయితే ముద్ర చూపించండి, వచ్చేయండి. పై ల్యాబు వాళ్ళు పరీక్షకు పనికిరాదని రాస్తారు. దారిలో ఎండకు పాడైందనుకుంటారు. మన ల్యాబు రిపోర్టు ఎలాగూ ఉంది, దాని మీద కేసు నిలుస్తుంది."

"అంటే ఆవిడకి శిక్ష పడుతుంది."

"తప్పు చేసింది, పడుతుంది."

"చేసిందో లేదో చూడ్డానికే కదమ్మా రెండోది ఉంచేది!"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "పాలల్లో ఏదో కలిపితే ఆస్పత్రిలో పసిపిల్లలు వరసగా పడుకోవడం నేను చూశాను బాబాయ్. కలిపినవాడు సాక్షి సంతకం సరిగ్గా లేదని బయటికొచ్చి, మర్నాడు మళ్ళీ దుకాణం తెరిచాడు. నాకు నవ్వుతూ దండం పెట్టాడు కూడా. అబద్ధం చెప్పమని మీకు చెప్పట్లేదు. అడగనిది చెప్పొద్దంటున్నాను." లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మీ మీద చర్య తీసుకోవాల్సి వస్తే కాగితం రాయాల్సింది నేనే. నా చేత రాయించకండి."

సాయంత్రం అక్క కూరగాయలు తరుగుతూ అంతా విన్నది. మొగుడు పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చి స్థిరపడిన మనిషి. తమ్ముడి వంటింటినీ, తమ్ముణ్ణీ కూడా ఒకే చేత్తో నడుపుతుంది.

"నిప్పు లేకుండా వెన్న కరిగించావా! శభాష్‌రా తమ్ముడూ. ఉద్యోగం ఊడితే నెయ్యి కొట్టు పెట్టుకోవచ్చు."

"నవ్వకే అక్కా."

"నవ్వక ఏం చెయ్యను? ఒకావిడకి చల్లటి నీళ్ళిచ్చి ఇంకొకావిడ నెత్తిన వేణ్ణీళ్ళు పోశావు. నీ మంచితనానికి ముందుచూపు లేదురా, అదే దాని రోగం." కత్తిపీట పక్కకు నెట్టింది. "చెప్పెయ్. ఉన్నదున్నట్టు కోర్టులో చెప్పెయ్."

"ఉద్యోగం?"

"చెప్పకపోతే నిద్ర? నువ్వసలే దోమ నొచ్చుకుంటుందని పక్కకు జరిగి పడుకునే రకం. వెన్నమ్మ జైలుకి పోతే ఇక మంచం మీద ఉండవు, గుమ్మంలో కూర్చుంటావు. నిన్ను చూస్తూ నేనూ కూర్చోవాలి. నా వల్ల కాదు."

*

కోర్టుకు ముందు రోజు సాయంత్రం ఆయన వెన్నమ్మ దుకాణానికి వెళ్ళాడు. ముందు ఆవిడకు చెప్పాలి, కోర్టుకు తర్వాత. దారంతా ఆ మాటను ఎలా మొదలుపెట్టాలో కూర్చుకున్నాడు.

వీధి మలుపులో చిన్న కొట్టు. ముందు నున్నటి రాతిబల్ల, దాని మీద తడిగుడ్డ కప్పిన వెన్న ముద్ద, పక్కన నీళ్ళగిన్నెలో మునిగిన కత్తి. వెనక గదిలో చిలికే పీపా. దాని పిడి చేతుల రాపిడికి నల్లగా మెరుస్తోంది. కోడలు గిన్నెలు తోముతోంది. అవి తోమిన గిన్నెలేనని చూడగానే తెలుస్తోంది. బేరం లేని కొట్టులో చేతులకు పని కావాలి కదా.

"ఎవరూ, సీసాలాయనా! రా నాయనా," అంది వెన్నమ్మ. "కొనడానికి వచ్చానని మాత్రం అనకు, గుండె ఆగిపోతుంది. ఈ వీధిలో జనానికి మా కొట్టు దగ్గరికి రాగానే మెడ అటుపక్కకే తిరుగుతోంది. ఏం వాతమో మరి!"

వెనక గదిలోంచి కోడలు, "వాతం కాదత్తయ్యా, భయం. చూస్తే పలకరించాలని," అంది.

"బాగుందా నా సీసా?" వెన్నమ్మ ముందుకు వంగి అడిగింది. హాస్టల్లో వేసిన పిల్లను గురించి అడిగినట్టు అడిగింది.

సీసాలాయన చూపు రాతిబల్ల మీదికి దించాడు. "ముద్ర చెక్కుచెదర్లేదమ్మా," అన్నాడు.

"అది చాలు. ఆ రోజు సంతకం పెడుతూ ఎక్కడ పెడతారని అడిగితే, నా దగ్గర చల్లగా ఉంటుందమ్మా అన్నావు గుర్తుందా? ఆ మాటకే నాకు సగం ధైర్యం వచ్చింది." ఆవిడ తడిగుడ్డ తీసి, కత్తి విదిలించి, వెన్న ముద్ద అంచు సరిచేయసాగింది. చేతులు వాటంతటవే కదులుతున్నాయి. "మా లాయరున్నాడే, కుర్రాడు, వాడికి అన్నీ అడ్డదారులే. సాక్షి సంతకం వంకరంటాడు, తేదీ తప్పంటాడు. అవేవీ వద్దన్నాను. దొడ్డిదారిన బయటికొచ్చినవాణ్ణి దొంగంటారు గానీ దొర అనరు. జైల్లో వేస్తే వెయ్యనీ, నాకేం, ముసలి ప్రాణం. రేపు ఈ కొట్టు మీద బతకాల్సింది అది." గడ్డంతో వెనక గదిని చూపించింది. "దానికి కొట్టుతో పాటు కొట్టు పేరు కూడా ఇచ్చి పోవాలి నేను."

"నిజంగా ఏం కలిసి ఉంటుందమ్మా?"

వెన్నమ్మ కత్తి ఆపింది. "నేను కలపలేదు. అంతవరకే నాకు తెలుసు. మీగడ పోసేవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళలో ఎవరి బుద్ధి గడ్డి తిన్నదో, లేక మీ ల్యాబులో ఎవరి కళ్ళజోడు జారిందో! ఏదైనా నాకూ తెలియాలి. సరిగ్గా చూస్తేగా తెలిసేది."

కత్తి కొసతో చిన్న ముక్క కోసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన తిన్నాడు. చల్లగా, కమ్మగా నాలుక మీద జారింది. మంచి వెన్న. కానీ నాలుక సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదు. అదీగాక ఇది ఈరోజు వెన్న.

చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాడు. మొదటిసారి కోడలు మంచినీళ్ళు తెచ్చింది. రెండోసారి ఏ అడ్డమూ రాలేదు, అయినా చెప్పలేకపోయాడు.

*

జడ్జి జలుబుతో ఉన్నాడు. మాటకు ముందూ వెనకా చేతిరుమాలు తీస్తున్నాడు. వెన్నమ్మ ఉతికి మడతలు పెట్టిన చీరలో, బోనులో పెళ్ళిచూపులకు వచ్చినంత బుద్ధిగా నిలబడింది. ఆవిడ కళ్ళు సీసా మీదే ఉన్నాయి.

గుమాస్తా బల్ల మీద తెల్లకాగితం పరిచి దాని మీద సీసా పెట్టాడు. జడ్జి ముద్ర చూశాడు, దారం చూశాడు, సంతకం చూపించి "ఇది మీదేనా అమ్మా?" అని వెన్నమ్మను అడిగాడు.

"నాదేనయ్యా. చివర్న కాస్త ఉబ్బింది గానీ నాదే."

ఆ మాటకు జడ్జి మళ్ళీ చూశాడు. సీసా కింద తెల్లకాగితం మీద చంద్రవంకలా నూనె గుర్తు పడింది. "దీన్ని ఎలా భద్రపరిచారు?"

"నిబంధనల ప్రకారమే సార్," అన్నాడు ప్రభుత్వ లాయరు, కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

"దాచినవారిని అడుగుతున్నాను."

సీసాలాయన లేచాడు. వెనక వరసలో ఆఫీసరు ఉందని తెలుసు, తిరిగి చూడలేదు. "ఫ్రిజ్‌లో ఉంచానయ్యా. కానీ శుక్రవారం సాయంత్రం బయటికి తీశాను. లోపల పెట్టడం మరిచిపోయాను. సోమవారం దాకా బయటే ఉంది."

"ఎందుకు తీశారు?"

"కేకు పెట్టడానికయ్యా."

కోర్టు మొత్తం నవ్వింది. గుమాస్తా కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. జడ్జి నవ్వలేదు. కలం కింద పెట్టాడు. "ముద్ర బాగానే ఉంది. మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదేమో. మీకు దీనివల్ల ఇబ్బంది రావచ్చు, తెలుసా?"

"తెలుసయ్యా. కానీ ఆ సీసా నాది కాదు, ఆఫీసుదీ కాదు. ఆవిడది. నా దగ్గర దాచుకుంది."

వెన్నమ్మ లాయరు అప్పటికే లేచి నిలబడ్డాడు. కుర్రవాడి మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. రెండో పరీక్ష కోరడం మా హక్కు, ఆ హక్కు మా తప్పేమీ లేకుండానే పోయింది, ఒక్క మొదటి రిపోర్టుతో మనిషిని శిక్షించడం కుదరదు అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ప్రభుత్వ లాయరు ఏదో అనబోయి, తెల్లకాగితం మీద పెరుగుతున్న మరక చూసి, కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక జడ్జి తీర్పు చెప్పాడు. నాలుగు మాటలు. కేసు కొట్టేశారు.

సీసాలాయనకు ఛాతీ మీంచి బండ దించినట్టయింది. ఉద్యోగం ఏమైతే అయింది, మనిషి బయటపడింది. చేసిన పొరపాటు తిరిగి తిరిగి చివరికి ఆవిడకు మేలే చేసిందని అనుకున్నాడు. ఆవిడ మొహంలో ఆ మేలు చూద్దామని తల తిప్పాడు.

వెన్నమ్మ బోను దిగలేదు. "అయ్యా, మరి సీసా?"

"అది ఇక పరీక్షకు పనికిరాదమ్మా. మీ మీద కేసు లేదు. మీరు వెళ్ళొచ్చు."

"కేసు లేదు, సరే. కల్తీ లేదని రాశారా?"

జడ్జి చేతిరుమాలు తీసి, వాడకుండానే మళ్ళీ పెట్టేశాడు. "అది తేల్చే వీలు ఇప్పుడు లేదమ్మా."

"ఇంకెప్పుడైనా తేలుతుందా?"

"తేలదు," అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయన కళ్ళజోడు తీసి, ఆవిడ వైపు నేరుగా చూశాడు. అంత మర్యాద ఆ గదిలో అరుదు.

"అలాగేనయ్యా," అంది వెన్నమ్మ. కొంగు సర్దుకుని మెట్టు దిగింది.

వరండాలో లాయరు కనిపించినవాళ్ళందరికీ చాక్లెట్లు పంచుతున్నాడు. వెన్నమ్మకూ ఒకటి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చేతిలో పట్టుకునే గేటు దాటింది, విప్పలేదు. సీసాలాయన పక్కనుంచే వెళ్ళింది గానీ ఆయన్ని చూడలేదు. కోపంతో తిప్పుకున్న మొహం కాదది. లెక్క తప్పిన మనిషి మళ్ళీ మొదటినుంచి కూడుకుంటున్నట్టుంది.

ఆఫీసరు ఆయన దగ్గర ఆగింది. కళ్ళలో ఎరుపు ఉంది. "సోమవారం మీకు నోటీసు ఇవ్వాలి బాబాయ్. తప్పదు." రెండడుగులు వేసి ఆగింది. "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా?"

"లేదమ్మా."

"పదండి. ముందు తిందాం."

*

శనివారం అక్క బజారునుంచి వచ్చి సంచి దించింది. సంచిలోంచి ఆమె తీసిన వెన్న పొట్లం మీద పెద్దవీధి దుకాణం ముద్ర ఉంది.

సీసాలాయన పొట్లం వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. "వెన్నమ్మ దగ్గర కొనలేదే?"

అక్క చేతులు కడుక్కునే వంకతో అటు తిరిగింది. "ఆ దారిన రాలేదురా."

"ఆ దారి తప్ప ఇంకో దారి లేదు కదక్కా బజారుకి."

"ఏం చెయ్యమంటావురా? పక్కింటి పిల్లలు కూడా మనింట్లో తింటారు. తప్పు చెయ్యలేదని ఎవరన్నారు? సీసా పాడైందన్నారు, అంతే కదా. వీధంతా అదే మాట. లాయరు గట్టివాడు, తప్పించేశాడంటున్నారు."

"నిజం చెప్పెయ్ అన్నది నువ్వే కదే!"

"చెప్పమన్నాను. నువ్వు చెప్పావు. ఆవిడ జైలుకి పోలేదు." అక్క గొంతు తగ్గింది. "వెన్న కొంటానని నేనెప్పుడన్నాను?"

దోమ నొచ్చుకుంటుందని పక్కకు జరిగే తమ్ముడని వెక్కిరించిన మనిషి, తానూ వీధికి అటుపక్కనుంచే నడిచి వచ్చింది. చొక్కా వేసుకుని బయటికి వచ్చాడు.

కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి వెలుగు ఇంకా ఉంది. అయినా వెన్నమ్మ కొట్టు మూస్తోంది. ఆ కొట్టుకు పాతకాలపు చెక్క పలకల తలుపు. పలకలు ఒక్కొక్కటే గాడిలోకి దించాలి. గోడకు ఆనించిన పలకలు ఎత్తి అందించడం రోజూ కోడలి పని. వెన్నమ్మ ఒక్కతే ఉంది, ఒక పలక ఎత్తి, గాడి దాకా రాగానే ఆయాసంతో దించింది.

సీసాలాయన వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. ఆవిడ వద్దనలేదు. ఇద్దరూ కలిసి గాడిలోకి దించారు.

"కోడలేదమ్మా?"

"బట్టల కార్ఖానాలో చేరింది. గుండీలు కుట్టే పని. అక్కడ కుట్టినవాళ్ళ పేరు గుండీ మీద ఉండదు కదా, భయం లేదు." నవ్వబోయి మానేసింది. "మంచిదే. పొద్దున పీపా కడిగి బోర్లించి మరీ వెళ్ళింది."

ఇంకో పలక అందించాడు. లోపల రాతిబల్ల ఖాళీగా ఉంది. తుడిచి ఆరబెట్టినట్టుంది. తడిగుడ్డ కూడా లేదు.

"ఆ రోజు ఇక్కడికి వచ్చింది మీకు చెబుదామనేనమ్మా. నోరు రాలేదు."

"తెలుసులే. రెండుసార్లు తెరిచావు, చూశాను. నేను సీసా గురించి అనుకోలేదు. ఉద్యోగం గొడవేదో అనుకున్నాను." పలక కొస చేత్తో తడిమి సరిచేసింది. "నా కోసం అంతమందిలో నిలబడి చెప్పావు. నవ్వినా చెప్పావు. దాన్ని నేను కాదనను నాయనా. నీ రుణం నా మీద ఉంది."

"రుణమేంటమ్మా!" అన్నాడు. మూడో పలక ఎత్తబోయి ఆగిపోయాడు. ఇదైనా చెప్పకుండా వెళితే ఇక చెప్పలేననిపించింది. "ఎవరేమనుకున్నా సరే, ఆ సీసాలో ఉన్నది మంచి వెన్నే. నేను మిమ్మల్ని నమ్ముతున్నానమ్మా."

వెన్నమ్మ గాడిలో చెయ్యి అలాగే ఉంచి ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అలసట ఉంది, కొద్దిగా జాలి కూడా ఉంది, అది ఆయన మీదే.

"నమ్మమని నేనెవర్నీ అడగలేదు నాయనా. చూడమన్నాను."

వీధిలో ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ వచ్చి, కొట్టు దగ్గర గొంతు తగ్గించి, దాటాక మళ్ళీ పెంచారు.

"ఆ చెక్క ఇలా అందుకో," అంది వెన్నమ్మ.

ఆయన అందించాడు.